నడక – నిలుకడ

ఏటేట జూన్ 21వ తేదీన మన దేశమంతయు చాపలు పరచుచున్నది. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో ఆమోదించిన తీర్మానము ననుసరించి 2015 నుండి ప్రపంచమున ఆ దినము యోగదినముగా జరుగుచున్నది. 2025లో మన రాష్ట్రమే ఆ యుత్సవమునకు ప్రధానవేదిక యైనది. విశాఖపట్టణపు సముద్రతీరమున మూడు లక్షలకు పైబడిన జనము ఒక్కమారుగా ఆసనములు వేసిరి. ఆ దృశ్యమును జూచి సంతోషింపని ఆంధ్రుడుండడు. మేమును సంతోషించితిమి. అయినను జూన్ 22వ తేదీ ఉదయమున ఆ చాపలన్నియు ఏమైనవి అను ప్రశ్న మమ్ములను విడువలేదు.

ఈ ప్రశ్నను విశాఖపట్టణమున గాక రెంటచింతలలో నిలిచి అడుగదలచితిమి. వేసవిలో రాష్ట్రమునందు అత్యధికమైన యెండ యెచట కాసినదని విచారించినప్పుడు తరచు మొదట వినవచ్చు పేరు ఈ ఊరిదే. ఇతరవిషయములలో దీనిని తలచువారు తక్కువ. మిరప, ప్రత్తి, వరి పండించు ఊరు. కష్టించి బ్రదుకు జనము. ఇట్టి ఊరిలో యోగాభ్యాసమను మాట యెత్తినచో, పొలము పనిచేయువానికి వేరు వ్యాయామ మెందులకని నవ్వువారు కలరు. ఆ నవ్వులో కొంత న్యాయము లేకపోలేదు. కాని ఆ నవ్వు నలుబదియేండ్ల వానిది. డెబ్బదియేండ్ల వాని నడిగి చూడవలెను. రాత్రి మూడవజామున లేచి, గోడ పట్టుకొనక, ఎవరిని పిలువక, పెరటిలోనికి పోయి రాగలుగుట అతనికి రాజ్యలాభముతో సమానము.

పడిపోవుట యనునది మనయిండ్లలో రోగముగా పరిగణింపబడుట లేదు. జ్వరము వచ్చిన వైద్యుని పిలుతుము. తల్లి స్నానపుగదిలో కాలుజారి పడినచో, కాలము మంచిదికాదని సమాధానపడుదుము. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము ఏడాదికి 6,84,000 మంది పడిపోవుటవలననే మరణించుచున్నారు. ఉద్దేశించి చేసికొనని గాయములవలన గలుగు మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాత స్థానము దీనిదే. చావని వారి కథ వేరు. తుంటి యెముక విరిగిన వృద్ధురాలు మంచమెక్కును. మంచమెక్కినది మరల వంటింటి గడప దాటుట అరుదు. ఒకసారి పడి యెముక విరుగక బ్రదికినవారు సయితము రెండవసారి పడుదుమేమో యను భయముచే నడక తగ్గింతురు. నడక తగ్గినకొలది కాళ్లు క్షీణించును. కాళ్లు క్షీణించినకొలది పడుట తథ్యమగును. మన స్త్రీలలో మరియొక దురలవాటు కలదు. పడినమాట కొడుకునకును కోడలికిని చెప్పరు. చెప్పినచో బయటకు పోనీయరని భయము.

ఇక్కడ పల్నాటి గృహస్థులకు ప్రత్యేకముగా చెప్పవలసిన మాట యొకటి. మాచర్ల నాపరాళ్లు మన కీర్తిలో భాగము. వానిని పరవని యిల్లు ఈ సీమలో అరుదు. ఆ రాయి అరిగి నున్ననైన పిమ్మట, దానిపై సబ్బునీరు పడినప్పుడు, దానిపై నడచుట యువకులకే సాము. పెరటి చావడినుండి స్నానపుగది వరకు గల నాలుగు గజములలో గరుకురాయి వేయించి, గోడకొక ఇనుపకమ్మి బిగింపించుటకు అగు వ్యయము ఒక పండుగకు కొను బట్టల వెలకు మించదు. ఇది యోగము కాదు గదా యని పాఠకులు అందురేమో. కాదు, కాని యోగమును గూర్చి పత్రికలో వ్రాయువాడు ఈమాట ముందు చెప్పకున్నచో అతని వ్రాతను నమ్మరాదు.

మనుష్యుడు నిలుచుట యెట్లు? చూచుటకు సులభము; విచారించిన అద్భుతము. ఇంత పొడవైన శరీరము రెండు చిన్న పాదములపై నిలుచుటకు ముగ్గురు సాక్షులు ఎడతెగక వార్త లందించుచున్నారు. కన్ను ఒకటి. లోచెవిలో నున్న మూడు అర్ధవలయములును, వాని చెంతనున్న సూక్ష్మేంద్రియములును రెండవసాక్షి. తల యెటు తిరిగెనో యెటు వంగెనో అవి తెలుపును. అరికాళ్లు, చీలమండలు, మోకాళ్లు, వెన్ను—వీనిలోని స్పర్శజ్ఞానము మూడవది; ఏ కీలు ఎంత వంగియున్నదో కన్ను చూడకున్నను అది చెప్పును. మెదడు ఈ మూడింటిని సరిపోల్చి కండరముల కాజ్ఞలిచ్చును. వృద్ధాప్యమున మూడు సాక్ష్యములును మసకబారును. శుక్లము పట్టి కన్ను తగ్గును. చక్కెరవ్యాధివలన అరికాళ్లు మొద్దుబారును. లోచెవి చురుకుదనము సన్నగిల్లును. పగలు ఒకదాని లోపమును ఒకటి పూడ్చుచుండును. రాత్రి దీపమారినప్పుడు మొదటిసాక్షి మూగవోవును. ముదుసలులకు చీకటి వేళ అంత అపాయకరమగుటకు కారణ మిదియే.

నడక యీ నిలుచుటకంటె కష్టతరము. మామూలు నడకలో రెండు పాదములును నేలనానియుండు కాలము నూటికి 20 పాళ్లు మాత్రమే. తక్కిన 80 పాళ్లును మనము ఒంటికాలిపై నుందుము. ఒక అంగ వేయుట యనగా ముందునకు పడబోయి, పడక ఆగుట. కావున ఒంటికాలిపై స్థిరముగా నిలువగలుగుట సర్కసువాని విద్య కాదు. అది నడకకు మూలధనము. బ్రెజిలు దేశమున 51 మొదలు 75 ఏండ్ల వయస్సుగల 1,702 మందిని 10 సెకండ్లు ఒంటికాలిపై నిలువుమని పరీక్షించిరి. అయిదింట ఒకరు నిలువలేకపోయిరి. అట్టివారిలో తరువాతి యేడేండ్ల కాలమున మరణము, వయస్సును రోగములను లెక్కలోనికి తీసికొన్నమీదట కూడ, నూటికి 84 పాళ్లు అధికముగా నుండెనని 2022లో ప్రకటించిరి. ఒంటికాలిపై నిలువలేకుండుటయే చావు తెచ్చునని దీని యర్థము కాదు. పొగ నిప్పు కాదు. పొగ కనబడినప్పుడు ఇంటివాడు లేచి చూడవలెను.

మన పూర్వులు ఈ ఒంటికాలి విద్యను తపస్సుగా భావించిరి. మహాబలిపురమున ఏడవ శతాబ్దపు శిల్పి ఒంటికాలిపై చేతులెత్తి నిలిచిన తాపసుని కొండరాతిపై మలచెను. ఆ ప్రక్కనే ఒక దొంగపిల్లి అదే భంగిమలో నిలిచి ఎలుకలను నమ్మించుచున్నది. నేటి యోగవ్యాపారులను చూచినప్పుడెల్ల మాకా పిల్లి జ్ఞప్తికి వచ్చును. ఘేరండసంహిత చెప్పిన 32 ఆసనములలో వృక్షాసనము కలదు. హఠయోగప్రదీపిక చెప్పిన 15లో అది లేదు. ఆ గ్రంథమునందలివి చాలవరకు కూర్చుండి వేయునవే. పతంజలి యోగసూత్రములలో ఆసనమును గూర్చినవి మూడే; ఆసనమునకు స్థైర్యమును సుఖమును ఉండవలెనని తప్ప, ఏకాలు ఎటు మడువవలెనో ఆయన చెప్పలేదు. నేడు మనము చూచు నిలువు ఆసనములలో పెక్కింటిని ఇరువదవ శతాబ్దమున మైసూరు రాజాశ్రయమందు తిరుమల కృష్ణమాచార్యులవారును, వారి శిష్యులును తీర్చిదిద్దిరి. ఇది కొందరికి వెలితిగా తోచవచ్చును. మాకు తోచదు. విద్య జీవించియున్నదనుటకు పెరుగుటకంటె వేరు నిదర్శనమేమున్నది?

ఆ శిష్యులలో బి. కె. ఎస్. అయ్యంగారు చేసిన మేలు వృద్ధులు ముఖ్యముగా తలపవలసినది. కుర్చీ, గోడ, త్రాడు, చెక్కదిమ్మె—వీనిని సాయముగా తీసికొని, ఒడలు వంగనివారు కూడ ఆసనము వేయుటకు ఆయన మార్గము చూపెను. పూనాలో రూపుదిద్దుకొన్న ఈ పద్ధతిని 2005లో అమెరికాయందలి వర్జీనియాలో 19 మంది వృద్ధులకు ఎనిమిది వారములు నేర్పి, ముందును వెనుకను వారి నడకను యంత్రములతో కొలిచిరి. తుంటికీలు వెనుకకు సాగుట అధికమైనది, అంగ పొడుగైనది. వృద్ధుల నడక కురచయగుటకు ముఖ్యకారణములలో నొకటి తుంటి బిగిసిపోవుట. కాలు వెనుకకు సాగనిచో అడుగు ముందునకు పడదు. పందొమ్మండుగురిని చూచి లోకమునకు తీర్పు చెప్పరాదు గాని, చిన్నదైనను ఆ పరిశోధన నడకలో ఏది మారినదో చూపినది.

పెద్ద లెక్కలు తరువాత వచ్చినవి. 65 ఏండ్లు దాటిన 2,384 మందిపై జరిగిన 33 పరీక్షలను ఒకచోట చేర్చి 2023లో పండితులు తూచిరి. ఏ వ్యాయామమును చేయక కూర్చున్నవారితో పోల్చినప్పుడు యోగాభ్యాసకుల నడకవేగము హెచ్చినదని వారు ఒకపాటి నమ్మకముతో చెప్పిరి. కాళ్లబలము హెచ్చినదని అంతకంటె తక్కువ నమ్మకముతో చెప్పిరి. నిలుకడ విషయమున సాక్ష్యము ఇంకను బలహీనమే యనిరి. ఇతర వ్యాయామములను మించిన గొప్ప యేదియు యోగమునకు కనబడలేదని కూడ తేల్చిరి. ఈ చివరిమాట మన వారిలో కొందరికి రుచింపదు. మన విద్యను పరులు పొగడినప్పుడు పత్రికలనిండ ప్రకటించి, తగ్గించి చెప్పినప్పుడు పెడచెవిని పెట్టుట దేశభక్తి కాదు. నిజమును సహించునంతటి నిలుకడ మన అభిమానమునకును ఉండవలెను.

వ్యాయామమునుగూర్చి మాత్రము సందేహమునకు తావులేదు. 108 పరీక్షలను, 23,407 మంది వృద్ధులను కలిపిచూచి 2019లో ప్రకటించిన నిర్ణయము ప్రకారము, వ్యాయామము చేయువారిలో పడిపోవుటలు నూటికి 23 పాళ్లు తగ్గినవి. అందును నిలుకడను పరీక్షించు వ్యాయామములు, అనగా లేచుట, కూర్చొనుట, ప్రక్కకు అడుగువేయుట, పాదముముందు పాదముంచి నడచుట మొదలైనవి, ప్రయోజనకరములని రూఢియైనది. ఇక తెలుగువానికి వీనిలో ఏది సుకరము? వానికి పేరు తెలిసినది, అమ్మమ్మనాటినుండి గౌరవము గలది, యంత్రములతో పనిలేనిది, జానెడు చోటు చాలునది యోగమే. దాని గొప్పతనము మాకిక్కడ కనబడుచున్నది. అన్నిటికంటె మేలైనదగుటవలన గాదు. మనవారు మానక చేయుదురను ఆశవలన.

అయితే వృద్ధులకు నేడు నేర్పుచున్నదేమి? పద్మాసనమున కన్నులు మూసి కూర్చొనుట. చిత్రమునకు అందముగా నుండును. మనస్సునకు శాంతి కలిగింపవచ్చును. నడకకు అది చేయు మేలు స్వల్పము. మోకాళ్లు అరిగిన ముసలమ్మను బలవంతముగా పద్మాసనమున కూర్చుండబెట్టుట హింస. ఆమెకు కావలసినవి వేరు. గోడకు జేనెడు దూరమున నిలిచి మడమలెత్తుట. కుర్చీ వీపు పట్టుకొని ఒకకాలెత్తి పదియెంచుట, కొన్నాళ్లకు రెండు వ్రేళ్లతోను, పిదప ఒక వ్రేలితోను మాత్రమే ఆనుకొనుట. చేతులూనక కుర్చీనుండి లేచుట. గోడకు అరచేతులు మోపి ఒకకాలు వెనుకకు చాచి తుంటిని సాగదీయుట. వీనికి సంస్కృత నామములు పెట్టినను పెట్టకున్నను ఫలమొకటే. కన్నులు మూసి చేయుట మాత్రము తోడు లేనప్పుడు కూడదు. తల క్రిందుచేయు ఆసనములు, తటాలున వంగి లేచుట రక్తపుపోటు గలవారికిని, కంటిలో ఒత్తిడి గలవారికిని తగవు.

ఒకప్పటి రైతు ఇదంతయు తెలియకయే చేసెను. పొలముగట్టుపై నడచుటకంటె మంచి నిలుకడవిద్య యెచట నున్నది? పాదము మోపుటకు జానెడు వెడల్పు, ఒకవైపు బురద, ఒకవైపు పైరు; కాలు తడబడినచో తగిన శాస్తి వెంటనే జరుగును. గొంతుకూర్చొని అన్నము తినుట, గొంతుకూర్చొని కలుపుతీయుట తుంటికిని చీలమండకును నిత్యాభ్యాసము. నేటి ఆసామి మోటారుసైకిలుపై డొంక చివరిదాక పోయి, దిగక, అచటినుండియే పైరు జూచి మరలుచున్నాడు. ఇంటికి వచ్చి మెత్తని కుర్చీలో దిగబడుచున్నాడు. అరువదియవయేట, నేలమీద కూర్చున్నవాడు లేచుటకు మనుమని భుజమడుగుచున్నాడు. దీనిని నాగరికత యందుము. కుర్చీని పారవేయుమని మేము చెప్పము. ఉదయమున గట్టుమీద అరమైలు నడచి రమ్మని మాత్రము చెప్పెదము.

కూలికి పోవు స్త్రీ సంగతి వేరు. మిరపకోతలలోను ప్రత్తితీతలలోను ఆమె దినమంతయు వంగియే యుండును. ఆమెకు మరల నడుము వంచు ఆసనము నేర్పుట పరిహాసము. నడుము వెనుకకు సాగునవియు, భుజములు విచ్చునవియు ఆమెకు కావలెను. అంతకుముందు విశ్రాంతి కావలెను. కోడి కూయకముందే లేచి వండిపెట్టి పొలమునకు పోవు ఆమెకు అభ్యాసమునకు పావుగంట యెవరిత్తురు? ఆ పావుగంట నీళ్లు తోడిపెట్టు పని మగవాడు చేయునో లేదో, యోగశాస్త్రములో దాని ప్రస్తావన లేదు.

నీళ్లమాట వచ్చినది కనుక ఆసనములు తీర్పజాలని దుఃఖము నొకదానిని చెప్పవలెను. ఫ్లోరైడు నీటివలన యెముకలు బిగిసి, వెన్ను కొయ్యబారి, నడక కోలుపోవు రోగము మన దేశమున మొదట వైద్యలోకమునకు తెలిసినది తెలుగుసీమనుండియే. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములను పరీక్షించి 1937లో వైద్యులు దానిని ప్రకటించిరి. కృష్ణకు ఆవలియొడ్డున నల్లగొండ అనుభవించిన వ్యథ లోకవిదితము. పల్నాటి మెట్టలలో సయితము బోరునీటిని జంకుతో త్రాగు పల్లెలు కలవు. అట్టి నీటితో కీళ్లు బిగిసినవానికి వృక్షాసనము బోధించుట కంటె కుండెడు మంచినీరిచ్చుట పుణ్యము. ప్రక్కన కృష్ణ, దానిపై నాగార్జునసాగరము; అయినను త్రాగునీటికై యెదురుచూచు పల్లెలు! నీటికుళాయి పెట్టవలసిన చోట చాప పరచి చిత్రములు తీయించుకొను అధికారిని ప్రజలు గుర్తుంచుకొనవలెను. అట్లే శుక్లమునకు శస్త్రచికిత్స, నిద్రమందుల తగ్గింపు, చక్కెరవ్యాధికి వైద్యము, ఇవి యోగమునకు పోటీలు కావు, తోడ్పాటులు.

రెంటచింతల యెండనుగూర్చియు ఒకమాట. మేనెలలో ప్రొద్దెక్కిన పిమ్మట ఇచట అభ్యాసము చేయుట అవివేకము. ఒడలిలో నీరు తగ్గినప్పుడు లేచి నిలుచుటతోడనే రక్తపుపోటు పడిపోయి కన్నులు చీకట్లు క్రమ్మును. ముసలివారు వేసవిలో మంచము ప్రక్కనే కూలుటకు ఇదొక కారణము. నీళ్లు త్రాగి, మంచముమీద కొంతసేపు కూర్చుండి, పిదప లేవవలెను.

ఇక మతము. రెంటచింతలలో దేవాలయముతోపాటు చర్చియు నున్నది. క్రైస్తవులు ఇచట కొలదిమంది కారు. యోగమనగానే ఒకరు ఇది మా మతమని పొంగుట, మరియొకరు ఇది మా మతము కాదని తొలగుట చూచుచున్నాము. ముసలివాని తుంటియెముకకు మతము లేదు. ఈ మండలములోనే గోలి గ్రామమున్నది. అచటి బౌద్ధస్తూపపు శిల్పములు మద్రాసు వస్తుప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును. ఆ కాలపు భిక్షువులకు చంక్రమణము, అనగా ఎరుకతో మెల్లగా ఇటునటు నడచుట, ధ్యానములో భాగము. నాగార్జునకొండ విహారములనుండి గోలి వరకు ఈ నేలపై అట్టి పాదము లెన్ని నడచినవో! ఇక బ్రహ్మనాయని చాపకూడు ఏ పల్నాటివానికి తెలియదు? ఎనిమిదివందల యేండ్లకు పూర్వమే ఈ సీమలో అన్నికులములవారును ఒక్కచాపపై కూర్చుండి భుజించిరని మన వీరగాథలు కీర్తించుచున్నవి. ఆ చాపను మనము మడచి అటుకపై పెట్టితిమి. నేడు యోగమునకని పరచు చాపపైనైనను మాలపల్లె అవ్వయు, చర్చివీధి తాతయు, ఆసామిగారి తల్లియు ప్రక్కప్రక్కన నిలుతురా? నిలువరేని, అది ఊరి చాప కాదు; ఒక వీధి చాప.

పని క్రొత్తగా కల్పింపనక్కరలేదు. ఆయుష్మాన్ ఆరోగ్యమందిరములని 2023 నుండి పిలువబడుచున్న పల్లె ఆరోగ్యకేంద్రములకు, 2018లో వాని నేర్పరచిననాడే, యోగము నేర్పుట విధులలో నొకటిగా చెప్పియున్నారు. కాగితముమీద నున్నదానిని వాకిటిలోనికి తేవలెను. వారమునకు మూడు ఉదయములు, సూర్యోదయమునకు ముందు, ఒక పొడుగైన గోడ, పది బలమైన కుర్చీలు, ముసలివారి ఒడలెరిగిన ఒక శిక్షకురాలు. ఇంతకుమించి కావలసిన దేమున్నది? ఊరి ఆసాములు తలకొక కుర్చీ ఇచ్చినను ప్రభుత్వపు టుత్తరువుకై యెదురుచూడ బనిలేదు. చేరిన ప్రతివృద్ధుడును మొదటిదినమున ఒంటికాలిపై ఎన్ని సెకండ్లు నిలిచెనో, పదిగజములు ఎంతసేపటికి నడచెనో వ్రాసియుంచి, ఆరుమాసములకు మరల కొలువవలెను. మేలు కలిగినచో అంకెలే చెప్పును. కలుగకున్నచో శిక్షణమును మార్చుకొనవచ్చును.

అన్నిటికంటె ముందు ఒక పుస్తకము తెరువవలెను. ఊరిలో పుట్టినవారికి, గిట్టినవారికి, పన్నుకట్టినవారికి, కట్టనివారికి లెక్కలున్నవి. గడచిన సంవత్సరమున రెంటచింతలలో అరువదియేండ్లు దాటినవా రెందరు పడిరి, ఎచట పడిరి, పగలా రాత్రియా, వారిలో ఎందరు మరల లేచి నడచుచున్నారు అను లెక్క పంచాయతీ కచేరీలో గాని ఆరోగ్యకేంద్రములో గాని ఏ బీరువాలోనైన ఉన్నదా?